ఇంటి ముందు పందిరి, నూటయాభై విస్తర్లు: చిన్న పెండ్లికి చిట్కాలు

అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డెక్కితే మొయినాబాద్ దాకా పెండ్లి బోర్డులే. ఫామ్‌హౌస్, గార్డెన్, కన్వెన్షన్, రిసార్ట్... పేరేదైనా లోపల అమ్మేది ప్యాకేజీ. నగరం నుంచి వచ్చి ఒక్క పూటలో పెండ్లి ముగించుకుని పోయేవాళ్లకు అది సౌకర్యమే. చిత్రమేమిటంటే ఆ బోర్డుల పక్కనే పుట్టి పెరిగిన చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లవాళ్లూ అదే ప్యాకేజీకి అడ్వాన్స్ కడుతున్నారు. బంతిపూలు పండేది ఇక్కడి చెలకల్లో. టమాటా, వంకాయ, కొత్తిమీర పోయేది ఇక్కడి నుంచే. బగారా వండే చేతులూ ఇక్కడివే. ఇవన్నీ నగరం దాకా వెళ్లి, నాలుగు చేతులు మారి, ప్లేటుకింత అని మళ్లీ మన దగ్గరికే వస్తున్నాయి. మధ్యలోని ఆ చేతులను తప్పిస్తే పెండ్లి ఖర్చు ఎంత దిగుతుందో చూడండి.

1. హాలు కంటే ముందు తలలు లెక్కపెట్టండి. అద్దె, భోజనం, నీళ్లు, కుర్చీలు, పార్కింగ్, ఆఖరికి చేయి కడుక్కునే సబ్బు కూడా మనుషుల లెక్కనే పెరుగుతుంది. పూల దగ్గర, పత్రికల దగ్గర ఎంత బిగబట్టినా, వెయ్యిమందిని పిలిచిన పెండ్లి చవకగా తేలదు. 2020 లాక్‌డౌన్‌లో పెండ్లికి యాభై మందికి మించి ఉండకూడదన్నారు. ఆ ఏడాది వాకిట్లో, మిద్దె మీద జరిగిన పెండ్లిళ్లలోనూ పుస్తె కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు, ఆ జంటలు ఇప్పుడు పిల్లల్ని బడికి పంపుతున్నాయి.

లెక్క ఇలా వేయండి. మూడు కాగితాలు తీసుకోండి. మొదటిదాంట్లో ఎవరు రాకపోతే పెండ్లి ఆగినట్టుంటుందో వాళ్లు: మేనమామలు, మేనత్తలు, అన్నదమ్ములు, ఆడబిడ్డలు, ప్రాణ స్నేహితులు. రెండోదాంట్లో వాడకట్టు, ఊరి పెద్దలు. మూడోదాంట్లో 'వాళ్లు పిలిచారు కాబట్టి మనమూ పిలవాలి' అనుకునేవాళ్లు. మూడో కాగితాన్ని పెండ్లినాటికి పక్కన పెట్టండి. కొత్త జంట తర్వాత ఒక ఆదివారం వాళ్ల ఇండ్లకు వెళ్లి స్వీట్ డబ్బా ఇచ్చి వస్తే మర్యాద దక్కుతుంది. వాళ్లలో సగం మందికి మన దావత్ తప్పినందుకు లోపల సంతోషమే ఉంటుంది, పెండ్లిళ్ల సీజన్లో వాళ్లకూ రోజుకు మూడు పిలుపులు.

2. అయ్యగారిని ముహూర్తం అడిగేటప్పుడే 'వారం మధ్యలో, పగటిపూట' అని చెప్పండి. ఆదివారం మంచి లగ్నం పడిందంటే హాలు, వంటమనిషి, బ్యాండు, పూలు అన్నీ ఒకేసారి ఎక్కుతాయి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తికం... ఏ మాసంలోనైనా బుధవారమో గురువారమో ఒక మంచి ఘడియ దొరక్కపోదు. పగటి లగ్గమైతే లైటింగ్ ఖర్చు, జనరేటర్ డీజిల్ మిగులుతాయి.

మొయినాబాద్ వైపు ఇంకో కారణమూ ఉంది. హుండీ లేని గుడిగా, వీసా బాలాజీగా పేరుబడ్డ చిలుకూరుకు శుక్రవారం నుంచి ఆదివారం దాకా జనం పోటెత్తుతారు. మొక్కుకునేటప్పుడు పదకొండు, కోరిక తీరాక నూటెనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్ల కార్లన్నీ ఆ రోడ్డు మీదే. పెండ్లికొడుకు బండి వాటి మధ్య ఇరుక్కుంటే లగ్నం ఆగదు.

3. చోటు విషయంలో ఇంటి వాకిలిని తీసిపారేయకండి. వాకిలి చిన్నదైతే కోత అయిపోయిన చెలక ఉంది, కుల సంఘం భవనం ఉంది, ఊరి కమ్యూనిటీ హాలు ఉంది, గుడి మండపం ఉంది. సంఘం భవనానికి అద్దె నామమాత్రంగా ఉంటుంది, కాకపోతే పాత్రలు, ఫ్యాన్లు, నీళ్ల ట్యాంకు పనిచేస్తున్నాయో లేదో వారం ముందే చూసుకోవాలి. పొలంలో అయితే నేల చదును చేయించి, ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లించండి, లేకపోతే ఎర్రమట్టి దుమ్ము పట్టుచీరల మీదికి, పప్పులోకి ఒకేలా వస్తుంది. వానకాలపు లగ్గానికి మామూలు షామియానా పనికిరాదు, రేకుల షెడ్డో వాటర్‌ప్రూఫ్ టెంటో చూసుకోండి.

ఇంకా తక్కువలో అయిపోవాలంటే తిరుమలలో పాపవినాశనం రోడ్డులో టీటీడీ కల్యాణ వేదిక ఉంది. 2016 నుంచి అక్కడ పురోహితుడు, మంగళవాద్యం ఉచితం. వధూవరుల తల్లిదండ్రులు వెంట ఉండాలి, వయసు పత్రాలు తీసుకెళ్లాలి. రెండు కుటుంబాలు రైలెక్కి పోయి వస్తే చాలు, ఇంటికొచ్చాక చిన్న విందు పెట్టుకోవచ్చు.

4. ఫామ్‌హౌసే కావాలని పిల్లలు పట్టుబడితే అద్దె ఎంతని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఈ ప్రశ్నలన్నీ అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి: ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా? జనరేటర్ డీజిల్ ఎవరిది? నీళ్ల ట్యాంకర్ ఎవరిది? బయటి వంటవాళ్లను తెచ్చుకోనిస్తారా, తెస్తే 'రాయల్టీ' ఎంత? డెకరేషన్ వాళ్ల మనిషే చేయాలా? క్లీనింగ్ పేరుతో చివర్లో ఇంకేమైనా కోస్తారా? అద్దె తక్కువ చెప్పి, మిగతాదంతా ఈ చిల్లర ప్రశ్నల్లోనే రాబట్టుకునే చోట్లు ఉంటాయి. వేడుకలకు అనుమతి ఉందో లేదో కూడా అడగండి.

మొయినాబాద్ రెండు చెరువుల మధ్య ఊరన్న సంగతీ గుర్తుంచుకోవాలి. అటు మూసీ మీద 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్, ఇటు ఈసీ మీద 1927లో కట్టిన హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడటానికి, నీళ్లివ్వడానికి కట్టినవవి. వాటి చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో వచ్చిన 111 జీవో మీద వాదాలు ఎన్నైనా ఉండవచ్చు గానీ, మన పెండ్లి ప్లాస్టిక్ గ్లాసులు వాగులో పడి అక్కడికే చేరతాయనడంలో వాదం లేదు. మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు పెడితే చెత్త తక్కువ, ఖర్చూ తక్కువ. గ్లాసులు టెంట్ హౌస్‌లోనే అద్దెకిస్తారు.

5. పందిరి, పూలు. డెకరేషన్ వాళ్లు తెచ్చే గుడ్డలు, థర్మకోల్ ఏనుగులు, ప్లాస్టిక్ పూలు రేపు ఇంకో పెండ్లికి పోయేవే, వాటికి మీరు కట్టేది ఒక్కపూట కిరాయి. నాలుగు గుంజలు, కొబ్బరి మట్టలు, మామిడి తోరణాలు, బంతిపూల దండలు చాలు, ఫొటోలో ఇవే బాగుంటాయి.

పూలు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చుకోవడం చాలామందికి అలవాటు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి రైతులు బంతి, చామంతి, గులాబీ కోసి పంపేది ఆ మార్కెట్‌కే కదా. నెల ముందు ఒక పూల రైతును పట్టుకుని, ఫలానా రోజుకు ఇన్ని కిలోలు కావాలని చెప్పి కొంత బయానా ఇవ్వండి. ఆటో కిరాయి, కమీషన్ తప్పిన ధరకు వస్తాయి, రైతుకూ మార్కెట్ కంటే రూపాయి ఎక్కువే అందుతుంది. బతుకమ్మ, దసరా, దీపావళి రోజుల్లో మాత్రం ఈ బేరం సాగదు, అప్పుడు బంతి ధర దాని ఇష్టం.

బంతి కొనేటప్పుడు పువ్వును తలకిందులు చేసి తొడిమ దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉండి కర్రుమంటే ఇవాళ్టి కోత. రేకులు చేతిలోకి ఊడి వస్తే నిన్నటివో మొన్నటివో. ముందురోజు సాయంత్రం కోయించి, తడిపిన గోనెసంచి కప్పి నీడన పెడితే తెల్లారేదాకా వాడవు. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టారంటే ఆవిరికి మెత్తబడి నల్లబడతాయి. గుచ్చే పని వాడకట్టు ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు రెండు గంటల్లో చేసేస్తారు: దబ్బనం, సుతిలి, మధ్యలో చాయ్, ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. మీరు డబ్బిచ్చినా దొరకని సంగీత్ అది.

ఒక మనవి. బీజాపూర్ రోడ్డు పక్కన బారులుగా నిలబడ్డ వందల మర్రులు చేవెళ్లకే పేరు తెచ్చిన చెట్లు. పందిట్లో పచ్చకొమ్మ కావాలని వాటి మీద కత్తి పెట్టకండి. శివారులో మేడి కొమ్మ ఒకటి దొరుకుతుంది.

6. భోజనం. అసలు డబ్బు పోయేదీ, మిగిలేదీ ఇక్కడే. ప్లేటు లెక్కన మాట్లాడుకుంటే వంద రకాలు రాసిస్తారు, అందులో ముప్పావు వంతు చూడటానికే. మీరు చేయాల్సింది సామాను మనది, వంట వాళ్లది అనే పద్ధతి. వంటమాస్టర్‌కు కూలి, అతని మనుషులకు కూలి మాట్లాడుకుని, పట్టీ అతనితోనే రాయించి, కిరాణా బేగంబజార్‌లో, కూరగాయలు చేవెళ్ల మార్కెట్లో పొద్దున్నే కొనండి. పట్టీ ఇంకో వంటాయనకో, ఇంట్లో పెద్దమ్మకో చూపించి కొనాలి, నూనె, జీడిపప్పు దగ్గర చేయి కాస్త ఎక్కువ పడుతుంది.

వందమందికి నా లెక్క ఇది. బగారాకు పది కిలోల బియ్యం, తెల్లన్నానికి నాలుగైదు కిలోలు. మాంసం మటన్ ఒక్కటే అయితే పదిహేను నుంచి పద్దెనిమిది కిలోలు, చికెన్ కూడా ఉంటే మటన్ పది దగ్గర ఆపవచ్చు. పప్పు రెండున్నర కిలోలు, పెరుగు పది లీటర్లు. తాగే నీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు పన్నెండు, ఎండాకాలమైతే పదిహేను. గ్యాస్ 19 కిలోల సిలిండర్ ఒకటి వాడకానికి, ఒకటి పక్కన. ఇంట్లో వాడే సిలిండర్లు పోగేసి వంటకు పెట్టడం ప్రమాదం, చట్టమూ ఒప్పుకోదు.

పొట్టేళ్లను గొల్లల దగ్గర నేరుగా కొంటే మాంసం చవకగా పడుతుంది. కానీ బరువులో మాంసం దిగేది సగానికి కాస్త తక్కువే, బేరం ఆ లెక్కతో చేయండి. తలకాయ, బోటి ముందురోజు రాత్రి పందిరి వేసినవాళ్లకు, పూలు గుచ్చినవాళ్లకు వండిపెట్టండి. పెండ్లి భోజనం కంటే ఆ రాత్రి కూర గురించే ఊళ్లో ఎక్కువ రోజులు చెప్పుకుంటారు.

రకాలు తగ్గించండి. బగారా అన్నం, మటన్, గుత్తివంకాయ, పాలకూర పప్పు, పచ్చిపులుసు, పెరుగు, ఒక తీపి. శాకాహార పెండ్లయితే మటన్ స్థానంలో ఆలుగడ్డ వేపుడు, గారెలు. ఏడు వంటలు రుచిగా ఉంటే ఎనిమిదోదాన్ని ఎవరూ అడగరు. దేక్సా దగ్గర ఎవరు నిలబడతారో మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. చేయి తిరిగిన వంటమనిషి బగారాకు ఎసరు మరిగేటప్పుడే గరిటెతో తీసి అరచేతిలో పోసుకుని నాలుకకు తగిలిస్తాడు. ఎసరు కొంచెం ఉప్పగా అనిపిస్తేనే బియ్యం వేశాక ఉప్పు సరిపోతుంది. అక్కడ తగ్గితే తర్వాత పైన చల్లి లాభం లేదు. ఆ మనిషికిచ్చే కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.

బఫే కంటే బంతి భోజనమే మేలని నేనంటాను. వడ్డించేవాళ్లు నలుగురైదుగురు పిల్లలు ఉంటే చాలు. అడిగి వేస్తారు కాబట్టి పారేసేది తగ్గుతుంది, పెద్దవాళ్లు ప్లేటు పట్టుకుని కుర్చీ కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. మిగిలిన అన్నం ఎవరికి చేర్చాలో ముందే ఒకరికి చెప్పి పెట్టండి, వేడి తగ్గకముందే పోవాలి.

7. పెండ్లి సామాను కొనే రోజు అయ్యగారి చీటీని, ఇంట్లో పెద్దమ్మ జ్ఞాపకాన్ని పక్కపక్కన పెట్టుకోండి. బాసికాలు, కంకణాలు, జీలకర్ర-బెల్లం, తలంబ్రాల బియ్యం, అడ్డుతెర, పీటలు. సగం ఇంట్లోనే ఉంటాయి, మిగతా సగం పక్కింట్లో మొన్నటి పెండ్లి నుంచి మిగిలి ఉంటాయి. పసుపు దంచే రోజు దంచినదే తలంబ్రాలకూ మైలపోలుకూ వాడుకోవచ్చు. ఐరేని కుండలు మాత్రం కుమ్మరి దగ్గరే చేయించండి, రంగులేసి ఆ ఇంటివాళ్లు ఇచ్చే కుండల ముందు షాపులో కొన్న పెయింటింగ్ కుండలు తేలిపోతాయి. పైగా వాళ్లకు దక్కాల్సిన కట్నం వాళ్లకు దక్కాలి కదా.

8. బంగారం. పుస్తెలు, మెట్టెలు ఊరి ఔసలి దగ్గర చేయిస్తే మజూరీ తక్కువ. షాపులో కొంటే 'తరుగు' ఎంత శాతమో మొదట అడగండి, గ్రాము ధర తర్వాత. 2023 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ నంబరు బిల్లు మీద కూడా రాయించుకోండి. పెండ్లి రోజు వేసుకునే పెద్ద హారాలు, వడ్డాణం ఎలాగూ బీరువాకే పోతాయి, వన్ గ్రామ్‌వి కిరాయికి తెచ్చుకుంటే తప్పేం లేదు. చీరల విషయంలో ఒక మంచి పట్టుచీర చాలు, రిసెప్షన్‌కు అమ్మ పెండ్లి చీరను దులిపి ఇస్త్రీ చేసి కట్టుకున్న పిల్లలే ఎక్కువ అందంగా కనిపిస్తారు. ఇది నా అభిప్రాయం, వధువులు కొట్టిపారేయవచ్చు.

9. పత్రికలు యాభై చాలు. బొట్టుపెట్టి పిలవాల్సిన ఇండ్లకు పత్రిక, మిగతావాళ్లకు వాట్సాప్. అచ్చు పత్రిక అసలే మానేయకండి, పెండ్లి రిజిస్ట్రేషన్‌కూ, ఆడపిల్ల పెండ్లికి ప్రభుత్వమిచ్చే కల్యాణలక్ష్మి సాయం దరఖాస్తుకూ అది పనికొస్తుంది. ఛత్తా బజార్‌లో తక్కువ ప్రతులు కూడా వేసిస్తారు. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆఫీసులో మళ్లీ తిప్పుతారు.

10. బండ్లు. పది కార్లు మాట్లాడే బదులు ఆర్టీసీ బస్సు ఒకటి కిరాయికి తీసుకోండి. డిపోలో అడిగితే కిలోమీటర్ల లెక్క చెబుతారు. దూరపు చుట్టాల్లో ఆడవాళ్లకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఎలాగూ ఉంది, ఆధార్ కార్డు మర్చిపోవద్దని పిలిచేటప్పుడే చెప్పండి.

రాత్రి ప్రయాణాలు పెట్టకండి. బీజాపూర్ రోడ్డు ఎంత ఇరుకో, కంకర టిప్పర్లు ఎలా వస్తాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొన్న రోజు ఎవరూ మర్చిపోలేదు. పగటి లగ్గం పెట్టుకోమనడానికి ఈ రోడ్డు ఇంకో కారణం. మర్రిచెట్ల కింద ఫొటోలు దిగాలనుకునే జంటలు కూడా తారు దిగి, చెట్టు అవతలి పక్కన నిలబడాలి.

11. డీజే వద్దు. డప్పు పెట్టండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టరాదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది.

12. ఒక ఫొటోగ్రాఫర్, ఒక వీడియో, డ్రోన్ వద్దు, ఆల్బమ్ పల్చగా. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి.

13. కరెంటు కోసం స్తంభానికి కొక్కెం తగిలించకండి. లైన్‌మన్‌ను అడిగి తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. పందిట్లో తడి నేల, చిన్నపిల్లలు, చిరిగిన వైర్లు ఒకచోట ఉంటాయి.

14. పని పంచండి, పేరు రాసి పంచండి. సొంతంగా చేసుకునే పెండ్లి చెడేది డబ్బుల దగ్గర కంటే 'అది నువ్వు చూస్తావనుకున్నా' అనే మాట దగ్గర. నీళ్లకు ఒకరు, వడ్డనకు ఒకరు, పెద్దవాళ్లను కూర్చోబెట్టడానికి ఒకరు, కట్నాలు చదివించే చోట నోట్‌బుక్కు పట్టుకుని నమ్మకస్తుడొకరు, చేతి ఖర్చుల సంచీ ఒక్కరి దగ్గరే. అమ్మాయి తల్లికీ తండ్రికీ ఏ పనీ రాయకండి, వాళ్లు పందిట్లో కూర్చుని ఉండాలి. ఇంటి ఆడబిడ్డలకే అన్నీ అంటగట్టకుండా బావమరుదులకు కూడా అంట్లు తోమే వంతు వేయండి.

15. అయ్యగారు లేకుండా దండలు మార్చుకుని పెండ్లి చేసుకుందామనుకునే జంటలకు ఒక జాగ్రత్త. దండల పెండ్లి మనకు కొత్తేం కాదు. కవి, హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరి పెండ్లి తంతును తెలుగులోనే రాసి జరిపించారు, వామపక్ష కుటుంబాల్లో దండల పెండ్లిళ్లు తరాలుగా ఉన్నాయి. ఖర్చు దాదాపు శూన్యం. కానీ హిందూ వివాహ చట్టం కింద ఆచార ప్రకారం తంతు జరగనిదే రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే పెండ్లిని నిలబెట్టదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు చట్టంలోనే చోటిచ్చారు, మన దగ్గర అలాంటి సవరణ లేదు. కాబట్టి దండల పెండ్లి చేసుకునేవాళ్లు 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేసుకోవాలి. ముప్పై రోజుల ముందు నోటీసు, ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో ముప్పై రోజులుగా ఉండటం, ముగ్గురు సాక్షులు. విందు రోజును ఆ తేదీని బట్టి పెట్టుకోండి.

16. కాగితాలు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెండ్లయ్యాక వాయిదా వేయకుండా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి నమోదు చేయించండి. పెండ్లి పత్రిక, పెండ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులు వెంట ఉండాలి.

కల్యాణలక్ష్మి, షాదీముబారక్ సాయాలు 2014 అక్టోబరు 2న 51 వేలతో మొదలై, తర్వాత 75,116కు, 2018లో 1,00,116 రూపాయలకు పెరిగాయి. ఆదాయ పరిమితి లోపలి కుటుంబాలు మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చెక్కు పెండ్లి నాటికి చేతిలో ఉంటుందనుకుని మాత్రం ఖర్చు రాసుకోకండి. వచ్చాక అమ్మాయి పేరున వేసుకుంటే మేలు.

పెట్టిన బంగారం, సామాన్లు, కానుకల జాబితా రాసి, ఎవరిచ్చారో, విలువెంతో రాసి, వధూవరులిద్దరూ సంతకం పెట్టాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఎవరూ రాయరు. మీరు రాయండి, కట్నాల నోట్‌బుక్కు పక్కనే ఇంకో రెండు పేజీలు.

17. మర్నాడు పొద్దున టెంట్ హౌస్ ఆటో రాకముందే దేక్సాలు, గరిటెలు, గ్లాసులు, కుర్చీలు తెచ్చినప్పటి చీటీతో సరిచూసుకోండి. తీసుకునే రోజే సొట్టలున్న పాత్రలను ఫొటో తీసి పెట్టుకుంటే, పాత సొట్టకు కొత్త జరిమానా పడదు. గ్లాసులు ఎప్పుడూ నాలుగైదు తక్కువవుతాయి. పక్కింటి పిల్లల్ని అడగండి, చెలక గట్టు మీద దొరుకుతాయి.